చైనీస్ మాట్లాడేవాళ్ళకు ‘ఓపెన్’ అనే ఇంగ్లీషు మాట ఎలా నేర్పాలి?

సింగపూర్‌లో మేం ఉండే ఫ్లోర్‌లో, మా ఇంటికి రెండు తలుపుల అవతల, చైనా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంటుంది. కూతురూ అల్లుడూ ఆఫీసులకి వెళ్తే మనవణ్ణి చూసుకోవడానికి వచ్చింది. ఇక్కడ అందరూ పిలిచినట్టే నేనూ ఆంటీ అంటాను. ఆవిడ మాత్రం నన్ను ‘లావ్‌షర్’ అంటుంది, అంటే టీచర్ అని, వద్దన్నా వినదు. సాయంత్రం పూట ఒక గంట ఆవిడకి ఇంగ్లీషు చెప్తుంటాను. మొదటి రోజే, చీకటి పడుతుంటే, “లావ్‌షర్, ఓపెన్ ద లైట్” అంది. లేచి స్విచ్ వేశాను. కాసేపటికి వంటింట్లో కెటిల్ చప్పుడు మొదలైతే “వాటర్ ఓపెన్” అని పరిగెత్తింది. ఇంకాసేపటికి కూతురు ఫోన్ చేసి లేటవుతుందని చెప్పినట్టుంది, ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి “మై డాటర్ ఓపెన్ మీటింగ్” అంది. గంటలో మూడు ఓపెన్‌లు వచ్చాయి, ఆ మూడు చోట్లా ఇంగ్లీషువాళ్ళు ఓపెన్ అనరు.

ఇది అజాగ్రత్త కాదు, తెలివితక్కువతనం అసలే కాదు. ఆవిడ నోటితో ఓపెన్ అంటున్నప్పుడల్లా మనసులో ఒక చైనీస్ మాట నడుస్తోంది. ఆ మాట ‘ఖాయ్’. దాన్ని పట్టుకుంటే ఈ తప్పులన్నీ ఒక్క తాడుకి కట్టినట్టు వరసగా బయటికొస్తాయి. సింగపూర్, మలేషియా, తైవాన్‌లలో ఉన్నవాళ్ళూ, ఆఫీసులో చైనీస్ మాట్లాడే సహోద్యోగులు ఉన్నవాళ్ళూ, చైనాలో ఎంబీబీఎస్ చదువుతూ క్లాస్‌మేట్లకి ఇంగ్లీషు సాయం చేసే మన పిల్లలూ, వీళ్ళలో ఎవరైనా సరే, ఈ పద్ధతిలో మొదలుపెట్టి చూడండి.

ముందు ‘ఖాయ్’ని మీరు నేర్చుకోండి

నేర్పేవాళ్ళు చాలామంది ఇక్కడే తొందరపడతారు. డిక్షనరీ తెరిచి, ఓపెన్ అంటే తెరుచు అని చెప్పి, పది వాక్యాలు రాయించేస్తారు. అవతలి మనిషి తలూపుతారు, ఎందుకంటే ఆ అర్థం వాళ్ళకి ముందే తెలుసు. వాళ్ళకి తెలియనిది ఓపెన్ అనే మాట ఎక్కడ ఆగిపోతుందన్నది.

పిన్‌యిన్‌లో, అంటే ఇంగ్లీషు అక్షరాలతో చైనీస్ రాసే పద్ధతిలో, ఈ మాటని కె, ఏ, ఐ అని రాస్తారు. అక్కడ కె అంటే మన ‘ఖ’, గాలి వదిలి పలికే ఖ. పిన్‌యిన్‌లో జి అని రాసేది దాదాపు మన ‘క’. అందుకే దీనికి ఎదురు మాటని, అంటే మూయడాన్ని, అందరూ రాసినట్టు గ్వాన్ అని కాకుండా ‘క్వాన్’ అని రాస్తున్నాను. మనకి క, ఖ విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఈ తేడా మన లిపిలో చక్కగా కుదురుతుంది.

ఖాయ్ అసలు అర్థం తలుపు తెరవడమే. పాత లిపిలో ఆ అక్షరం చూస్తే రెండు రెక్కల తలుపు, దాని లోపల గడియ, ఆ గడియని ఎత్తుతున్న రెండు చేతులు ఉంటాయి. 1950లలో చైనాలో అక్షరాలని సులువు చేసినప్పుడు తలుపు తీసేసి లోపలి భాగం మాత్రం ఉంచారు. తైవాన్‌లో, హాంకాంగ్‌లో ఇప్పటికీ తలుపుతోనే రాస్తారు. మీ స్టూడెంట్‌ని ఆ అక్షరం కాగితం మీద రాసి చూపించమనండి. తన భాష గురించి మీకు చెప్పడం మొదలుపెట్టాక మనిషికి బెరుకు సగం పోతుంది. ఆంటీ కూడా అలాగే, రెండు రూపాలూ రాసి, పాతదాంట్లో గడియ ఏదో వేలితో చూపించింది.

ఆ గడియ ఎత్తడం నుంచి మాట ఎంత దూరం వెళ్ళిందో చూడండి. లైట్ వేయడం ఖాయ్. కారు నడపడం ఖాయ్, విమానం నడపడమూ ఖాయ్. మీటింగ్‌లో ఉండటం ఖాయ్. నీళ్ళు మరగడం ఖాయ్. పువ్వు పూయడం ఖాయ్. స్కూళ్ళు తెరవడం ఖాయ్. డాక్టర్ మందులు రాయడం ఖాయ్. రసీదు ఇవ్వడం, చెక్కు రాయడం, తుపాకీ పేల్చడం, జోక్ వేయడం, లాటరీ నంబర్లు ప్రకటించడం, అన్నీ ఖాయ్‌తోనే. హాంకాంగ్ వైపు కాంటనీస్ మాట్లాడేవాళ్ళు దీన్నే ‘హోయ్’ అంటారు, ఇక్కడ సింగపూర్‌లో హొక్కియెన్ మాట్లాడే పెద్దవాళ్ళు ‘ఖుయ్’ అంటారు. పలకడం మారినా పనులు చాలావరకు అవే, కాబట్టి తప్పులూ అవే.

ఇది మనకి అర్థం కానిదేమీ కాదు. తెలుగులో ‘తీయి’, ‘వేయి’ చూడండి. తలుపు తీయి అంటే తెరువు అని, కానీ చాలా ఇళ్ళల్లో లైట్ తీసెయ్ అంటే ఆర్పేయమని. తలుపు వెయ్ అంటే మూయమని, లైట్ వెయ్ అంటే వెలిగించమని. అంటే చైనీస్‌లో తలుపుకీ లైట్‌కీ ఒకే మాట ఒకే దిక్కున నడిస్తే, మనకి ఒకే మాట రెండు దిక్కులకి నడుస్తుంది! ఇది చెప్తే ఆంటీ చాలాసేపు నమ్మలేదు. మా అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు ఆవిడ ఎదురుగా “తలుపు వేసి లైట్ వెయ్యి” అనిపించి చూపించాను. మీకూ ఇలాంటి అవకాశం ఉంటే వదులుకోకండి. మాట ఒకటే, పని వేరు అన్న సంగతి వేరే భాషలో చూస్తేనే తన భాషలో కనపడుతుంది.

సందు పరీక్ష

ఇప్పుడు అసలు పాఠం. దీనికి గ్రామర్ పుస్తకం అక్కర్లేదు, ఇంట్లో ఉన్న వస్తువులు చాలు. ఒక్క ప్రశ్న నేర్పండి: ఈ పని చేస్తే ఎక్కడైనా సందు ఏర్పడుతుందా? మూత, రెక్క, పెదవి, రెప్ప, ఏదో ఒకటి జరిగి లోపలికి దారి వస్తుందా? వస్తే ఓపెన్. తలుపు, కిటికీ, సీసా, పుస్తకం, నోరు, కళ్ళు, గొడుగు, ఉత్తరం, అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. సందు రాకుండా ఏదో నడవడం, వెలగడం, తిరగడం మొదలైతే అది టర్న్ ఆన్. లైట్, ఫ్యాన్, ఏసీ, టీవీ ఈ లెక్కలోకి.

చెప్పి వదిలేస్తే నిలవదు, చేయించాలి. దీనికి లాప్‌టాప్‌కి మించిన వస్తువు లేదు. మూసి ఉన్న లాప్‌టాప్ ముందు పెట్టండి. మూత పైకి ఎత్తించి “ఓపెన్ ద లాప్‌టాప్” అనిపించండి. తెర నల్లగానే ఉంటుంది, దాన్ని చూపించండి. ఇప్పుడు బటన్ నొక్కించి “టర్న్ ఆన్ ద లాప్‌టాప్” అనిపించండి. తెర వెలిగాక ఒక ఫైల్ మీద క్లిక్ చేయించి “ఓపెన్ ద ఫైల్” అనిపించండి. మూడు పనులు, మూడూ చైనీస్‌లో ఖాయ్‌తో గానీ, తెరవడమనే అర్థమే ఉన్న ‘తాఖాయ్’తో గానీ అయిపోతాయి, ఇంగ్లీషులో మధ్యది విడిపోతుంది. ఆంటీ మొదటిసారి మూత ఎత్తి, బటన్ మీద వేలు పెట్టి, ఓపెన్ అనబోయి ఆగింది. నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. “టర్న్… ఆన్” అంది. ఆ ఆగడమే మనకి కావాలి, ఆ క్షణంలోనే ఖాయ్ నుంచి ఇంగ్లీషు మాట ఊడి వస్తుంది, అప్పుడు మీరు నోరు తెరిచి సాయం చేయకండి.

తర్వాత ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్ళండి, తలుపు తెరిస్తే లోపల లైట్ వెలుగుతుంది కదా. “ఓపెన్ ద ఫ్రిజ్, ద లైట్ కమ్స్ ఆన్”. ఒకే చేత్తో రెండు మాటలు.

ఫైల్, యాప్, బ్యాంక్ అకౌంట్, ఇలాంటి వాటికి నిజమైన సందు ఉండదు, అయినా ఓపెనే. మొదటి వారం వీటి జోలికి పోకండి. అడిగితే, లోపల ఏదో ఉన్న పెట్టెలాంటివి ఇవి అని చెప్పండి, సరిపోతుంది. నీళ్ళ ట్యాప్ మాత్రం కొంచెం ఇబ్బంది పెడుతుంది. టర్న్ ఆన్ ద ట్యాప్ అంటారు, పైపు వాల్వ్ దగ్గర ఓపెన్ ద వాల్వ్ అంటారు. రెండిట్లోనూ చేత్తో తిప్పేదే కదా అని వాదిస్తారు స్టూడెంట్లు, వాదించనివ్వండి, న్యాయమే.

టర్న్ ఆన్‌తో ఒక చిక్కుంది. వస్తువు పేరు చెప్తే టర్న్ ఆన్ ద ఫ్యాన్ అనొచ్చు, టర్న్ ద ఫ్యాన్ ఆన్ అనొచ్చు. ‘ఇట్’ అంటే మాత్రం మధ్యలోనే పెట్టాలి, టర్న్ ఇట్ ఆన్. టర్న్ ఆన్ ఇట్ అనేది అందరూ చేసే తప్పు. చేతిని గాల్లో తిప్పుతూ మూడు దెబ్బల్లో అనిపించండి, టర్న్, ఇట్, ఆన్. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేయండి, సిగ్గుపడకుండా: టర్న్ ఆన్ అన్నది మనుషుల మీద వాడితే సెక్స్‌కి సంబంధించిన అర్థం వస్తుంది. యంత్రాలకే ఉంచుకోమనండి.

తలుపు తెరిచి ఉందా, తెరిచారా?

ఇది అన్నిటికన్నా పెద్ద మెట్టు, నిదానంగా ఎక్కించండి.

ఇంగ్లీషులో ఓపెన్ రెండు వేషాలు వేస్తుంది. ద డోర్ ఈజ్ ఓపెన్ అంటే తలుపు తెరిచి ఉంది, స్థితి. ద డోర్ ఓపెన్డ్ అంటే తెరుచుకుంది, జరిగిన పని. చైనీస్‌లో మాట రూపం ఎప్పుడూ మారదు, ఇవాళ్టికీ నిన్నటికీ ఒకే ఖాయ్. అందుకని కొత్తవాళ్ళు ‘ద షాప్ ఈజ్ ఓపెన్డ్ అంటిల్ నైన్’ అంటారు, ఎక్కడో ఒక చోట ‘డ్’ తగిలించాలని గుర్తుంది కానీ ఎక్కడో తెలియదు.

కానీ వాళ్ళ భాషలోనే దీనికి తాళంచెవి ఉంది, చాలామంది టీచర్లు దాన్ని వాడుకోరు. చైనీస్‌లో క్రియ వెనక ‘చ’ అనే చిన్న మాట చేరిస్తే ఆ స్థితిలో ఉందని అర్థం, ‘ల’ చేరిస్తే పని జరిగింది, మార్పు వచ్చింది అని అర్థం. తలుపుని వాళ్ళు ‘మన్’ అంటారు. మన్ ఖాయ్ చ, తలుపు తెరిచి ఉంది. మన్ ఖాయ్ ల, తలుపు తెరుచుకుంది. కాబట్టి ఇలా చెప్పండి: మీ మనసులో ‘చ’ వస్తే ఇంగ్లీషులో ఈజ్ ఓపెన్, ‘ల’ వస్తే ఓపెన్డ్. నూటికి నూరుపాళ్ళూ కుదరదు, ముఖ్యంగా ‘ల’ కొన్నిసార్లు ‘ఇప్పుడు తెరిచి ఉంది’ అనే అర్థంలోకి కూడా జారుతుంది. అయినా మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు. గ్రామర్ పేర్లు ఒక్కటి కూడా చెప్పకుండా, తలుపు దగ్గర నిలబడి, తెరిచి, ఆగి, ‘ల’ అని ఆవిడతో అనిపించి, ఓపెన్డ్ అనిపించాను. తెరిచిన తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ‘చ’ అనిపించి, ఈజ్ ఓపెన్ అనిపించాను. కారిడార్‌లో వెళ్ళేవాళ్ళు వింతగా చూశారు, పర్వాలేదు.

ఎదురు మాట దగ్గర ఇంగ్లీషు ఇంకో మెలిక పెడుతుంది. ఓపెన్‌కి ఎదురు స్థితి క్లోజ్ కాదు, క్లోజ్డ్. షాప్ ఈజ్ ఓపెన్, షాప్ ఈజ్ క్లోజ్డ్. ఒకదానికి తోక లేదు, ఇంకోదానికి ఉంది. దీనికి కారణం అడిగితే, ఓపెన్ మొదటి నుంచీ స్థితిని చెప్పే మాటగానే ఉంది, దానికి తోక అవసరం లేదు, క్లోజ్ మాత్రం ఈ అర్థంలో పనిని చెప్పే మాట, స్థితి కావాలంటే ‘డ్’ తగిలించాలి అని చెప్పండి. తోక లేని క్లోజ్ స్థితిగా వాడితే దగ్గర అని అర్థం, పైగా అక్కడ చివర ధ్వని ‘స్’. మూయడం అనే క్లోజ్‌లో చివర ఉండేది ‘జూ’లో వినిపించే ధ్వని, అది మాండరిన్‌లో, అంటే ఇక్కడ మనం చెప్పుకుంటున్న చైనీస్‌లో, లేదు. కాబట్టి వాళ్ళ నోట రెండు క్లోజ్‌లూ ఒకేలా వినిపిస్తాయి. షాపు బోర్డు మీద క్లోజ్ అని రాసి వేలాడదీసే అలవాటు మన ఊళ్ళల్లోనూ ఉంది, కాబట్టి ఈ మెట్టు మీద మనం పక్కనే నిలబడి నేర్చుకోవచ్చు.

లైట్లకి, ఫ్యాన్లకి వేరే జత: ఆన్, ఆఫ్. ద లైట్ ఈజ్ ఓపెన్ కాదు, ద లైట్ ఈజ్ ఆన్. ఈ రెండు జతలనీ రంగు కాగితాల మీద రాసి ఇల్లంతా అంటించమన్నాను. తలుపులకీ డబ్బాలకీ పచ్చ కాగితం, స్విచ్‌లకి పసుపు కాగితం. మనవడికి ఆటైపోయి, రెండో రోజుకి పసుపు కాగితం పిల్లి బొమ్మ మీద కూడా అంటించాడు.

నోటికి సంబంధించిన కష్టం వేరు

స్టూడెంట్ ‘ఐ ఓపెన్ ద విండో ఎస్టర్‌డే’ అంటే వెంటనే గ్రామర్ తప్పని నిర్ణయించకండి. మాండరిన్‌లో మాట చివర అచ్చు గానీ, న్, ంగ్ లాంటి ముక్కు ధ్వని గానీ వస్తుంది, ఉత్తరాదివాళ్ళు నాలుక మడిచి ఒక ‘ర్’ కలుపుతారు, అంతకుమించి హల్లులు రావు. ఓపెన్డ్ చివర ‘న్’ వెనకే ‘డ్’ రావడం వాళ్ళ నోటికి అలవాటు లేని పని. మనసులో ఓపెన్డ్ అనే అనుకుని పైకి ఓపెన్ అని వినిపించడం చాలా మామూలు. తేడా తెలుసుకోవాలంటే రాయించండి. రాసినప్పుడు ‘డ్’ ఉంటే కష్టం నోటిదే, గ్రామర్ పాఠం మళ్ళీ చెప్పి మనిషిని విసిగించనక్కర్లేదు.

నోటి కష్టానికి మందు ఏంటంటే, ఆ ‘డ్’ని తర్వాతి మాటకి అప్పగించడం. ఓపెన్డ్ ఇట్ అనేదాన్ని ‘ఓపెన్ డిట్’ అనిపించండి. క్లోజ్డ్ ఎట్ నైన్ అనేదాన్ని ‘క్లోజ్ డెట్ నైన్’ అనిపించండి. మాట మొదట్లో ‘డ్’ పలకడం వాళ్ళకి చివర పలికినంత కష్టం కాదు. వెనక అచ్చుతో మొదలయ్యే మాటలు ఉన్న వాక్యాలతోనే రెండు వారాలు చేయించండి.

ఓపెన్ పలకడంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది, రెండో భాగాన్ని రాసుకునే పెన్నులా గట్టిగా అంటాం. ఇంగ్లీషులో అది తేలిపోవాలి. ఇక్కడ చైనీస్‌వాళ్ళకే మనకన్నా సులువు. వాళ్ళ భాషలో అమ్మని ‘మామ’ అంటారు, మొదటి ‘మా’ ఎత్తుగా, సాగదీసి, రెండోది తేలిగ్గా విదిలించినట్టు. “మామ అన్నట్టే ఓపన్ అనండి” అంటే చాలు. ఆంటీ మొదటి ప్రయత్నంలోనే నాకన్నా బాగా అంది. మామ అంటే మా భాషలో మేనమామ అనీ, భర్త తండ్రి అనీ చెప్పాక మాత్రం ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు.

సందూ లేదు, స్విచ్చూ లేదు అన్నప్పుడు

మిగిలిన ఖాయ్‌లని ఒక్కొక్కటే తీసి, దేనికి దానికి ఇంగ్లీషు మాట ఇవ్వాలి. ఇక్కడ సూత్రం ఉండదు, కాబట్టి ఎక్కువ వాడే వాటినే తీసుకోండి.

నీళ్ళు: ‘ఖాయ్‌ష్వెయ్’ అంటే మరగబెట్టిన నీళ్ళు. చైనీస్ ఇళ్ళల్లో తాగేది ఎక్కువగా అవే, వేడివేడిగా. దాన్ని ఓపెన్ వాటర్ అని హోటల్లో అడిగితే సర్వర్‌కి అర్థం కాదు, ఎందుకంటే ఇంగ్లీషులో ఓపెన్ వాటర్ అంటే ఒడ్డుకి దూరంగా విశాలంగా ఉన్న నీరు, సముద్రంలోనో చెరువులోనో. హాట్ వాటర్ ప్లీజ్ అనడం నేర్పండి, పని జరిగిపోతుంది. కెటిల్ దగ్గర ద వాటర్ ఈజ్ బాయిలింగ్.

మీటింగ్: ‘ఖాయ్‌హ్వెయ్’. ఓపెన్ ఎ మీటింగ్ అంటే ఇంగ్లీషులో అధ్యక్షుడు సభ ప్రారంభించినట్టు. కూతురు మీటింగ్‌లో ఉంది అనడానికి షి ఈజ్ ఇన్ ఎ మీటింగ్. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ముందుగా నేర్పాల్సింది ఇదే.

మందులు: ఆంటీ క్లినిక్ నుంచి వచ్చి “డాక్టర్ ఓపెన్ మెడిసిన్ ఫర్ మి” అంది. మనవాళ్ళు డాక్టర్ రోట్ మెడిసిన్స్ అంటారు, మనకి మందులు రాసిస్తారు కాబట్టి. ఇంగ్లీషుకి ప్రిస్క్రైబ్ అనే ప్రత్యేకమైన మాట ఉంది, నోటికి కష్టమైతే ద డాక్టర్ గేవ్ మి మెడిసిన్ అన్నా చక్కగా సరిపోతుంది.

రసీదు: ‘ఖాయ్ ఫాఫ్యావ్’. తైవాన్ స్టూడెంట్లకి ఇది రోజూ వాడే మాట, అక్కడ షాపుల్లో ఇచ్చే రసీదు మీదున్న నంబరుకే లాటరీ ఉంటుంది, 1951 నుంచి నడుస్తోంది, రెండు నెలలకోసారి నంబర్లు తీస్తారు. ఆ నంబర్లు తీయడం కూడా ఖాయే. ఇంగ్లీషులో రసీదుకి గివ్ ఎ రిసీట్, ఆఫీసు లెక్కల్లో ఇష్యూ యాన్ ఇన్వాయిస్. లాటరీకి డ్రా.

జోక్‌కి మేక్ ఎ జోక్, పార్టీకి హ్యావ్ ఎ పార్టీ, కారుకి డ్రైవ్. డ్రైవ్ స్కూల్లోనే నేర్చుకుని ఉంటారు కాబట్టి అక్కడ తప్పులు తక్కువ.

కుదిరే చోట్లు కూడా చూపించండి, లేకపోతే ఓపెన్ అనాలంటేనే భయపడిపోతారు. షాపు తెరవడం, అకౌంట్ తెరవడం, పువ్వు విచ్చుకోవడం రెండు భాషల్లోనూ ఒకటే. తుపాకులు పేల్చడం మొదలుపెట్టడాన్ని ఇంగ్లీషులో ఓపెన్ ఫైర్ అంటారు, అక్కడా ఖాయే. ఓపెన్ సీక్రెట్‌కి చైనీస్‌లో ‘కుంగ్‌ఖాయ్ త మిమి’, మనకి బహిరంగ రహస్యం. మూడు భాషలూ ఒక్కచోట కలిసిన మాట ఇది.

మనసు గురించి మాట్లాడేటప్పుడు

ఇక్కడ జాగ్రత్త అవసరం, ఎందుకంటే తప్పు తెలియకుండానే అర్థం మారిపోతుంది. ‘ఖాయ్‌శిన్’ అంటే సంతోషం, అక్షరాలా చూస్తే తెరిచిన మనసు. కాబట్టి సంతోషంగా ఉన్నాననడానికి ఐ యామ్ ఓపెన్ హార్ట్ అంటారు, వినేవాళ్ళకి గుండె ఆపరేషన్ గుర్తొస్తుంది. హ్యాపీ అనాలి, అంతే. మరి దానికి ఎదురు ‘క్వాన్‌శిన్’ అంటే దుఃఖం అనుకుంటాం కదా, కాదు! పట్టించుకోవడం, బాగోగులు చూసుకోవడం. ఆంటీ నోటుపుస్తకంలో ‘మై డాటర్ క్లోజ్ హార్ట్ మి’ అని ఒక వాక్యం ఉంది. కూతురు తనని దూరం పెట్టిందేమోనని నాకు ఒక్క క్షణం గుండె గుభేలుమంది. అడిగితే, తను సరిగా తింటోందా లేదా అని కూతురు ఆఫీసు నుంచి రోజూ ఫోన్ చేస్తుందట, అదీ ఆ వాక్యం. మై డాటర్ కేర్స్ ఎబౌట్ మి అని పక్కన రాసి ఇచ్చాను. తప్పు రాశారని కొట్టేసే ముందు ఏం చెప్పాలనుకున్నారో అడగండి.

‘ఖాయ్‌ఫాంగ్’ ఇంకో మాట. 1978 చివరి నుంచి తంగ్ శ్యావ్‌ఫింగ్, మన పేపర్లలో డెంగ్ జియావోపింగ్ అని రాసే ఆయన, మొదలుపెట్టిన సంస్కరణల్ని ‘కాయ్‌క ఖాయ్‌ఫాంగ్’ అంటారు, సంస్కరణ, తలుపులు తెరవడం అని. (కాయ్ వేరు, ఖాయ్ వేరు, వినండి.) దేశానికి, ఊరికి ఈ మాట గౌరవమే. ఒక ఆడమనిషిని ఖాయ్‌ఫాంగ్ అంటే మాత్రం కొన్నిసార్లు సెక్స్ విషయంలో కట్టుబాట్లు లేవన్న ధ్వని వస్తుంది. అందుకే ఇంగ్లీషులో షి ఈజ్ వెరీ ఓపెన్ అంటే మనసులో ఏదీ దాచుకోదు అనే మెచ్చుకోలుని కొందరు స్టూడెంట్లు వేరేగా తీసుకుంటారు. ఒకసారి చెప్పి ఉంచితే చాలు.

ఓపెన్ టు సజెషన్స్, ఓపెన్ మైండెడ్, ఇవి ఇంటర్వ్యూలకి వెళ్ళేవాళ్ళకి నేర్పండి. ఓపెన్ టు వెనక క్రియ వస్తే ‘ఇంగ్’ కావాలి, ఐ యామ్ ఓపెన్ టు వర్కింగ్ ఆన్ సాటర్‌డేస్. ఇంట్లో ఉండే పెద్దవాళ్ళకి దీని అవసరం రాదు, వదిలేయండి.

ఎలా దిద్దాలి, ఎప్పుడు వదిలేయాలి

సింగపూర్‌లో ఓపెన్ ద లైట్ అంటే అందరికీ అర్థమవుతుంది, చాలామంది అలాగే అంటారు, ఆన్ ద ఫ్యాన్ అని కూడా అంటారు. ఇక్కడి ప్రభుత్వం 2000లో మంచి ఇంగ్లీషు మాట్లాడమని ఒక ఉద్యమమే మొదలుపెట్టింది, అయినా ఇళ్ళల్లో, మార్కెట్లలో ఈ మాటలు ఎక్కడికీ పోలేదు. నా అభిప్రాయం, కూరగాయల షాపులో, లిఫ్ట్‌లో ఎవరైనా అలా అంటే అది వాళ్ళ ఊరి మాట, మనం దిద్దడానికి వీల్లేదు. పరీక్ష రాసేవాళ్ళకీ, ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకీ, వేరే దేశం వెళ్ళేవాళ్ళకీ మాత్రం రెండో రకం కూడా చేతిలో ఉండాలి. ఏది ఎక్కడ వాడాలో వాళ్ళే ఎంచుకుంటారు.

దిద్దేటప్పుడు మధ్యలో ఆపి తప్పు అనకండి. “ఓపెన్ ద ఫ్యాన్” అంటే, లేచి వేస్తూ “ష్యూర్, ఐ విల్ టర్న్ ఆన్ ద ఫ్యాన్” అనండి. విన్నారు, చాలు. మూడుసార్లు విన్నాక నాలుగోసారి వాళ్ళే మార్చుకుంటారు, లేదా పదోసారి. పాఠం అయ్యేలోపు ఒక పది వాక్యాలు రాయించండి, ఆ రోజు ఇంట్లో నిజంగా తెరిచినవీ, వేసినవీ మాత్రమే. నేను పొద్దున కిటికీ తెరిచాను, రైస్ కుక్కర్ వేశాను, మనవడి లంచ్ బాక్స్ తెరిచాను, ఇలా. ఊహించి రాసిన వాక్యాలు తెల్లారేసరికి మర్చిపోతారు, చేత్తో చేసినవి ఉండిపోతాయి.

మా ఆంటీకి ఓపెన్ కుదురుకోవడానికి రెండు నెలలు పట్టింది. అప్పుడప్పుడు కెటిల్ చప్పుడుకి ఇప్పటికీ వాటర్ ఓపెన్ అని అరుస్తుంది, తర్వాత తనే బాయిల్, బాయిల్ అనుకుంటూ వెళ్తుంది. ఇప్పుడు ఇద్దరం ‘తా’ అనే మాట పట్టుకున్నాం. తా అంటే కొట్టడం. చైనీస్‌లో ఫోన్ చేయడాన్ని ఫోన్ కొట్టడం అంటారు, టైప్ చేయడాన్ని అక్షరాలు కొట్టడం అంటారు. మా ఊళ్ళో కూడా ఫోన్ కొట్టు, టైపు కొట్టు అనే అంటామని చెప్తే, ఆంటీ కళ్ళజోడు పైకి తోసుకుని, నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచింది. గొడుగు వేసుకోవడం కూడా వాళ్ళకి తా అట. మేం గొడుగు కొట్టం అన్నాను. మరేమంటారు అంది. వేసుకుంటాం అన్నాను. లైట్‌కీ అదే కదా అంది.